రాత్రి పుట్టిన దూడలు: ఒక పాడి ఫారంలో ముర్రుపాల లెక్క తప్పిన కేసు

ఆ పెయ్యదూడకు తొమ్మిది రోజులు. నేను వెళ్లేసరికి పక్కకు ఒరిగి పడుకుని ఉంది. కళ్లు గుంటల్లోకి పోయాయి. మెడ మీద చర్మాన్ని లాగి వదిలితే ముడత అలాగే నిలిచింది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, చప్పరించలేదు. తోక కింద పసుపు నీళ్లు. 35 కిలోల దూడ ఒంట్లోంచి కనీసం మూడు లీటర్ల నీరు పోయి ఉంటుందని అంచనా వేశాను. చప్పరించడం మానేసిందంటే నీరు పోవడంతో ఆగలేదని, రక్తంలో ఆమ్లం కూడా పేరుకుందని అనుమానించాలి. సిరలోకి సెలైన్, సోడియం బైకార్బొనేట్ ఎక్కించాను. సాయంత్రానికి లేచి నిలబడింది. మర్నాడు తెల్లవారకముందే చనిపోయింది.

180 పాడి ఆవులున్న ఫారం అది. అంతకు ముందు మూడు నెలల్లో అక్కడ 41 దూడలు పుట్టాయి. 23 దూడలకు పారుడు (విరేచనాల జబ్బు) పట్టింది, 9 చనిపోయాయి. ఆ 23లో సగానికి పైగా నా చేతుల మీదుగా వెళ్లినవే. రెండుసార్లు యాంటీబయాటిక్ మార్చాను, ద్రవాలు ఎక్కించాను, కోలుకున్న ప్రతి దూడనూ నా ఖాతాలో వేసుకున్నాను. పుట్టిన తొలి రోజు ఆ దూడలకు ఏం జరిగిందో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే.

"డాక్టర్ గారూ, రోగనిరోధక శక్తి పెంచే ఇంజెక్షను ఏదైనా ఉంటే రాసివ్వండి, ఖర్చుకు వెనకాడను" అన్నారు యజమాని, చచ్చిన దూడను బయటికి తీసుకెళ్తుంటే. మందుల అల్మారాలో అప్పటికే రెండు రకాల టానిక్కులు, ఒక విటమిన్ల సీసా, ఒక పొడి ఉన్నాయి. విటమిన్లు కొరవడిన దూడకు విటమిన్లు పనికొస్తాయి, కాదనను. కానీ అప్పుడే పుట్టిన దూడకు ప్రధానంగా కొరవడేది సీసాల్లో దొరకదు.

ఆవు మాయ నిర్మాణం వేరు. మనుషుల్లో తల్లి రక్తంలోని, జబ్బులతో పోరాడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఆవులో ఆ పొరలు వాటిని దాటనివ్వవు. దూడ రక్తం దాదాపు ప్రతిరక్షకాలే లేకుండా నేల మీద పడుతుంది. తల్లి తన వాటాను పంపే దారి పొదుగు. ఈనడానికి కొన్ని వారాల ముందు నుంచీ తల్లి రక్తంలోని ఇమ్యునోగ్లోబ్యులిన్ జి అనే ప్రధాన ప్రతిరక్షకం పొదుగులోకి చేరి, ఈనగానే వచ్చే ముర్రుపాల కోసం పోగవుతుంది. ఆ పెద్ద అణువులను దూడ పేగు మొదటి కొద్ది గంటల్లోనే బాగా పీల్చుకుని రక్తంలోకి వదులుతుంది. ఆరు గంటలు దాటేసరికి ఆ శక్తి సన్నగిల్లుతుంది, 24 గంటలకు తలుపు దాదాపు మూసుకుంటుంది. తర్వాత తాగిన ముర్రుపాలు పేగు గోడకు కాపలా కాస్తాయి గానీ రక్తంలోకి వెళ్లవు. దూడ తన ప్రతిరక్షకాలను తానే సరిపడా తయారు చేసుకోవడానికి వారాలు పడుతుంది. తల్లి ఇచ్చింది ఆ వారాలను గట్టెక్కించాలి.

ఇదంతా నాకు చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. కొలిచి చూడలేదు, అంతే.

మొదట దూడల రక్తం తీశాను. సీరంలోని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని) మొత్తం ప్రొటీన్‌ను చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ (కాంతి ఎంత వంగుతుందో చూసి ద్రవం చిక్కదనం చెప్పే పరికరం) మీద చూస్తే ప్రతిరక్షకాలు ఎంత చేరాయో పరోక్షంగా తెలుస్తుంది. దూడ వయసు ఒక రోజు నుంచి వారం లోపు ఉండాలి. ఫారం పరిస్థితి తేల్చడానికి కనీసం 12 దూడలు కావాలి, ఒకటి రెండు దూడల్ని చూసి చెప్పే మాటకు విలువ లేదు. ఇక్కడ ఒక పొరపాటు చేయబోయి ఆగాను. మొదటి రోజు పరీక్షించిన వాటిలో ఒక దూడకు డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) సీరంలో 6.4 గ్రాముల ప్రొటీన్ వచ్చింది. చాలా బాగుందని రాసుకున్నాక దాని కళ్ల వైపు చూశాను. ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడింది, అందుకే అంకె పెరిగింది. దాన్ని లెక్కలోంచి తీసేసి ఆరోగ్యంగా ఉన్న మరో దూడను తీసుకున్నాను. పారుకుంటున్న దూడలో ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది.

డెసిలీటరుకు 6.2 గ్రాములు, ఆ పైన ఉంటే అత్యుత్తమం, 5.8 నుంచి 6.1 మంచిది, 5.1 నుంచి 5.7 పరవాలేదు, 5.1 కంటే తక్కువైతే విఫలం. మందలో అత్యుత్తమం 40 శాతానికి పైగా, విఫలం 10 శాతం లోపు ఉండాలన్నది ఇప్పుడు చాలామంది పాటిస్తున్న లక్ష్యం. మా 12 దూడల్లో అత్యుత్తమం ఒక్కటి, మంచివి రెండు, పరవాలేదన్నవి నాలుగు, విఫలమైనవి ఐదు. ఆ కాగితం యజమాని చేతికిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మా ఆవుల ముర్రుపాలు మంచివి కావా?" అని అడిగారు.

నా మొదటి అనుమానమూ అదే. 15 ఆవుల తొలి పాలను, కరిగిన పదార్థాల శాతం చూపే బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్‌తో చూశాం. 22 శాతం చూపితే లీటరులో సుమారు 50 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్ జి ఉన్నట్టు, అది కనీస ప్రమాణం. 11 ఆవులు ఆ గీత దాటాయి, కొన్ని 26 కూడా. దాటని నాలుగింటిలో మూడు ఈనడానికి మూడు వారాల ముందు దాకా పాలు పిండినవి. వట్టిపోయే కాలం (ఈనే ముందు పాలు పిండకుండా వదిలే రోజులు) ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండాల్సింది మూడు వారాలకు కుదిస్తే పొదుగు పోగుచేసుకునేది ఎప్పుడు? ఆ తప్పు సరిదిద్దాల్సిందే. అయినా అది నాలుగు ఆవుల సంగతి. మిగిలిన పొదుగుల్లో సరుకు ఉంది, అది దూడల రక్తంలోకి చేరడం లేదు.

తర్వాత పరిమాణం. దూడకు ఎంత పట్టిస్తున్నారని అడిగితే రెండు లీటర్లు అన్నారు. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేశాను. లీటరుకు 50 గ్రాముల చొప్పున రెండు లీటర్లలో 100 గ్రాములు. సమయానికి తాగినా పేగు అందులో 30 శాతానికి అటూఇటూ మాత్రమే రక్తానికి చేరుస్తుంది. అంటే 30 గ్రాములు. 35 కిలోల దూడలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, దాదాపు మూడు లీటర్లు. పంచితే లీటరుకు 10 గ్రాములు, సరిగ్గా వైఫల్యం అంచు మీద! అన్నీ సవ్యంగా జరిగితేనే ఇది. ఒక గంట ఆలస్యమైనా, పాలు కాస్త పలచబడినా దూడ గీత కిందికి జారుతుంది. లక్ష్యంగా పెట్టుకోవాల్సిన 300 గ్రాములు దూడ నోటికి అందాలంటే చిక్కని ముర్రుపాలు బరువులో పదో వంతు, అంటే మూడున్నర లీటర్లు, మొదటి రెండు గంటల్లో పట్టాలి. మళ్లీ 8 నుంచి 12 గంటల మధ్య అందులో సగం.

పరిమాణం ఒక్కటే కారణమైతే అన్ని దూడలూ ఒకేలా ఉండాలి. కొన్ని 4.5 దగ్గర, ఒకటి 6.3 దగ్గర ఎందుకున్నాయి? ఫారం రిజిస్టరులో పుట్టిన తేదీ ఉంది, సమయం లేదు. దారి చూపింది రాత్రి కాపలా ఉండే పెద్దాయన ఫోను. దూడ పుట్టగానే ఫోటో తీసి యజమానికి పంపడం ఆయన అలవాటు. ఆ ఫోటోల సమయాలను నా అంకెల పక్కన రాసుకుంటూ పోతే విషయం దానంతటదే బయటపడింది. విఫలమైన ఐదు దూడల్లో నాలుగు రాత్రి 10 గంటలకూ తెల్లవారుజామున 4 గంటలకూ మధ్య పుట్టినవి. ఐదోది పగలే పుట్టింది గానీ కష్టం కాన్పు.

"రాత్రి పుట్టిన దూడకు పాలు ఎప్పుడు పడతారండీ?" అని పెద్దాయనను అడిగాను.

"ఉదయం పిండే వాళ్లు వచ్చాక డాక్టర్ గారూ. అప్పటిదాకా తల్లి దగ్గరే ఉంటుంది, అదే తాగుతుందిలే అని వదిలేస్తాను. రాత్రిపూట నేను పట్టి, ఎక్కువై పారుకుంటే ఆ మాట నా మీదకు వస్తుంది కదా."

ఆయన భయానికి మూలం లేకపోలేదు. ముర్రుపాలు తాగిన దూడ మొదటి పేడ జిగటగా, వదులుగా పోతుంది. అది పోవాల్సిందే. దాన్ని పారుడు వ్యాధితో కలిపి చూడటం తేలిక. ఇక తల్లి దగ్గర వదిలితే అదే తాగుతుందన్న మాట. కొన్ని తాగుతాయి. కొన్ని చను వెతుక్కోవడానికే గంటలు తీసుకుంటాయి, పొదుగు కిందికి జారిన ముసలి ఆవు దగ్గర ఇంకా కష్టం. ఎంత తాగిందో ఎవరూ చెప్పలేరు. ఈలోగా దూడ నోటికి మొదట తగిలేది చనుకు బదులు పేడ అంటిన తొడ అయితే, ప్రతిరక్షకాల కంటే ముందు క్రిములే పేగు చేరతాయి. ఉదయం ఆరు గంటలకు పాలు పిండి, తూచి, పట్టేసరికి పేగు తలుపు సగం మూసుకుని ఉంటుంది. పైగా ఈనాక గంటలు గడిచే కొద్దీ పొదుగులో కొత్త పాలు చేరి ముర్రుపాలు పలచబడతాయి. ఆలస్యం రెండు వైపుల నుంచీ కొడుతుంది.

ఈలోగా పేడ నమూనాల ఫలితాలు వచ్చాయి. ఎనిమిది నుంచి పది రోజుల వయసు దూడల్లో రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి. ఈ రెండింటిలో దేని మీదా నేను వాడిన యాంటీబయాటిక్‌లు పనిచేయవు. పుట్టిన నాలుగు రోజుల లోపు ముంచుకొచ్చే ఇ.కోలై పారుడు ఈ ఫారంలో కనిపించనే లేదు. వయసు చూసి అయినా నేను ఆగి ఆలోచించాల్సింది. దూడల పని చూసే కుర్రాడికి ఆ నెలలో రెండుసార్లు విరేచనాలు పట్టాయని మాటల్లో తెలిసింది. క్రిప్టోస్పోరిడియం మనుషులకూ సోకుతుంది. అతన్ని వైద్యుడి దగ్గరకు పంపి, చేతి తొడుగులు, సబ్బు విషయంలో ఆ రోజు కాస్త గట్టిగానే మాట్లాడాను. మామూలు క్రిమిసంహారకాలకు ఈ క్రిమి లొంగదు. గదుల్ని వేడినీటితో కడిగి పూర్తిగా ఎండనివ్వడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడటం మీద ఆధారపడ్డాం.

చేసిన మార్పుల్లో అన్నిటికంటే పెద్దది రాత్రికి సంబంధించినది. 22 శాతం పైన చూపిన ముర్రుపాలను లీటరు సంచుల్లో పలచగా పరిచి గడ్డకట్టించి నిల్వ చేశాం. మైనస్ 20 డిగ్రీల వద్ద ఏడాది దాకా ఉంటాయి. జోన్స్ వ్యాధి, బ్రూసెల్లోసిస్, క్షయ పరీక్షల్లో తేడా లేని ఆవుల పాలే తీసుకున్నాం, లేకపోతే ఒక ఆవు జబ్బును మంద మొత్తానికి సీసాతో పంచినట్టవుతుంది. సంచిని 50 డిగ్రీలు దాటని నీళ్లలో కరిగించాలి. తొందరపడి మరిగే నీళ్లలో వేస్తే ప్రతిరక్షకాలు పాడై మామూలు ప్రొటీనే మిగులుతుంది. పెద్దాయనకు ఒక థర్మామీటరు, గోడ గడియారం, దూడ పుట్టిన సమయానికీ మొదటి పాల సమయానికీ వేర్వేరు గళ్లున్న పుస్తకం ఇచ్చాం. రాత్రి పనికి అదనపు భత్యం ఇవ్వాలని యజమానికి చెప్పాను, ఒప్పుకున్నారు. ఇది వైద్య సలహా కాదనేవాళ్లు ఉంటారు. నా దృష్టిలో ఆ కాగితం మీద రాసినవాటిలో ఇదే ముఖ్యం.

సీసాతో తాగని దూడకు గొట్టంతో పట్టడం నేర్పడానికి రెండు రాత్రులు అక్కడే ఉన్నాను. ముక్కు నుంచి మోచేయి దాకా గొట్టాన్ని కొలిచి గుర్తు పెట్టుకోవాలి. నాలుక వెనక దాకా పెట్టి, దూడ మింగుతుండగా నెమ్మదిగా జరపాలి. మెడ ఎడమ వైపు తడిమితే గట్టి శ్వాసనాళం పక్కన రెండో గొట్టం వేళ్లకు తగలాలి. తగిలేదాకా ఒక్క చుక్క కూడా వదలకూడదు. తేడా వస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెద్దాయన చేతులు మొదటి రాత్రి వణికాయి. రెండో రాత్రి, నేను చెప్పకముందే మెడ మీద వేళ్లు పెట్టి "ఇదిగో, రెండోది" అన్నారు.

బొడ్డును 7 శాతం అయోడిన్‌లో ముంచడం అక్కడ ముందే సక్రమంగా జరుగుతోంది, దాన్ని కదిలించలేదు.

ఆరు వారాల తర్వాత మళ్లీ 12 దూడలు. అత్యుత్తమం మూడు, మంచివి నాలుగు, పరవాలేదన్నవి మూడు, విఫలం రెండు. మెరుగే, కానీ ఆ రెండు దూడలు నన్ను నిద్రపోనివ్వలేదు. పుస్తకం చూస్తే రెండూ పుట్టిన గంటన్నరలో మూడు లీటర్లు తాగాయి. రెండూ పగటి దూడలే! పగలు నిల్వ సంచులు వాడరు, అప్పుడే పిండిన పాలు పడతారు కదా అనుకున్నాను. వెళ్లి చూస్తే పగలు వాడేది మూలన ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోని పాలు. రెండు మూడు ఆవుల ముర్రుపాలు అందులో కలుపుతారు, వాడగా మిగిలింది అలాగే ఉంటుంది, దాని మీదే మళ్లీ పోస్తారు. బ్రిక్స్ 17 చూపింది. పాలు ఎక్కువిచ్చే ఆవు తన పలచని ముర్రుపాలతో మిగతావాటిని కూడా పలచన చేసేసింది. ప్రయోగశాలకు రెండు నమూనాలు పంపాను. నేరుగా చను నుంచి పట్టినది శుభ్రంగా ఉంది. డబ్బాలోది మిల్లీలీటరుకు లక్ష క్రిములు అన్న పరిమితిని ఎన్నో రెట్లు దాటింది, కోలీఫారంలకు (పేడలో ఉండే రకం బ్యాక్టీరియాకు) ఉన్న పదివేల పరిమితిని కూడా. వెచ్చటి చోట ముర్రుపాలలో క్రిములు అరగంటకోసారి రెట్టింపవగలవు. అవి పేగులో ప్రతిరక్షకాల దారికి అడ్డం పడతాయి. అంటే సమయానికి, సరిపడా పరిమాణంలో మేం పట్టిందే దూడకు అడ్డమైంది.

డబ్బాను ఆ రోజే బయట పారేయించాను. ఒక ఆవు పాలు ఒక దూడకే, లేదా పరీక్షించిన సంచి. పిండిన గంటలోపు పట్టాలి, లేదా నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడాలి.

ఇదే సమయంలో మరో దూడ ఎదురైంది. కాళ్లు ముందుకు రాక రెండు గంటలు లాగాల్సిన కాన్పు. పుట్టాక నాలుక వాచింది, తల నిలపలేదు. గొట్టంతో సకాలంలోనే పట్టాం, అయినా 30 గంటలకు సీరం ప్రొటీన్ 4.4. కష్టం కాన్పులో ప్రాణవాయువు అందక రక్తంలో ఆమ్లం పెరిగిన దూడలు చాలావరకు నీరసంగా ఉండి ఆలస్యంగా, తక్కువగా తాగుతాయి. దీనికి గొట్టంతో పట్టినా ఫలితం రాలేదు. పేగు మూసుకున్నాక ఇంకెంత ముర్రుపాలు పట్టినా రక్తానికి ఒరిగేదేమీ లేదు. ఆరోగ్యంగా ఉన్న ఒక పెద్ద ఆవు రక్తం తీసి, ప్లాస్మా వేరు చేసి, కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున సుమారు లీటరు, చాలా నెమ్మదిగా సిరలోకి ఎక్కించాను. మొదటి పావుగంట దూడ ఊపిరి, వణుకు గమనిస్తూ పక్కనే కూర్చున్నాను. ఎనిమిదో రోజు పారుకుంది, పాలు ఆపకుండా మధ్యమధ్యలో ఎలక్ట్రొలైట్ ద్రావణం ఇస్తే నాలుగు రోజుల్లో తేరుకుంది. ప్రతి దూడకూ చేయదగ్గ పని కాదిది. రక్తం తీయాలి, వేరు చేయాలి, గంటలు పడుతుంది. రెండు గంటల్లో మూడు లీటర్లు పట్టడం ఎంత చవకో ఆ మధ్యాహ్నం యజమానికి విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

చూడి ఆవులకు టీకా కూడా మొదలుపెట్టాం. రోటా, కరోనా వైరస్‌లు, ఇ.కోలై ఉన్నది, ఈనడానికి ముందు తయారీదారు చెప్పిన వారాల్లో. ఈ టీకాను నేను కావాలనే చివరికి ఉంచాను. తల్లికి వేసిన టీకా దూడకు అందేది ముర్రుపాల ద్వారానే. ఆ దారి తెరవకుండా టీకా మొదలుపెట్టి ఉంటే ఖర్చయ్యేది, ఫలితం రాకపోయేది, టీకా దండగన్న పేరు మిగిలేది. రోటావైరస్ మీద దీనికి తోడుగా ఇంకొకటి చేశాం. మొదటి రెండు మూడు రోజుల పాలను అమ్మకపు పాలలో కలపకుండా దూడలకే పట్టాం. అందులో మిగిలిన ప్రతిరక్షకాలు రక్తంలోకి పోకపోయినా పేగు లోపలే వైరస్‌ను పట్టుకుంటాయి. క్రిప్టోస్పోరిడియానికి ఈ టీకా రక్షణ ఇవ్వదు, అక్కడ శుభ్రతే దిక్కు.

మూడో విడత పరీక్షలో 12కు అత్యుత్తమం నాలుగు, మంచివి నాలుగు, పరవాలేదన్నవి మూడు, విఫలం ఒకటి. అత్యుత్తమం ఇంకా 40 శాతం చేరలేదు. మార్పులన్నీ స్థిరపడ్డాక మూడు నెలల్లో 38 దూడలు పుట్టాయి, 11 పారుకున్నాయి, 2 చనిపోయాయి. ఈ తేడా అంతా ముర్రుపాల వల్లేనని నేను అనను. కాలం మారింది, గదులు మారాయి, టీకా వచ్చింది, నా చూపు కూడా మారింది. పోల్చి చూడటానికి మార్పులు చేయని మంద పక్కన లేదు. పారుకున్న దూడలు మాత్రం ఈసారి తేలిగ్గా తట్టుకున్నాయి. సిర కోసం వెతకాల్సి వచ్చింది మూడు దూడలకే, మిగతావి నోటి ద్వారా ఇచ్చిన ద్రవాలతో లేచాయి. యాంటీబయాటిక్ వాడింది జ్వరం, రక్త విరేచనాలు ఉన్న రెండింటికే.

టానిక్కుల అల్మారా ఇంకా అక్కడే ఉంది. అందులో ఇప్పుడు రిఫ్రాక్టోమీటర్, గొట్టాలు ఉంటున్నాయి, పక్కన ఒక పొడి డబ్బా కూడా. యజమాని దాన్ని వదులుకోలేకపోయారు, నేనూ పట్టుబట్టలేదు.

ఈ నెలలో ఆ ఫారం నుంచి వస్తున్న ఫోన్లు ఆరు వారాల దూడల దగ్గు గురించి. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఆ వయసుకు బాగా తగ్గిపోతాయి, సొంతవి ఇంకా పూర్తిగా అందుకోవు. పాలు మాన్పించే పని, గుంపులో కలిపే పని కూడా అక్కడ అదే వారంలో చేస్తున్నారు. పోయిన వారం ఆరు దూడల ఛాతీ విన్నాను, రెండింటిలో కుడి వైపు ముందు భాగంలో గరగర వినిపించింది. షెడ్డులో నిలబడితే నాకు గాలి బాగానే అనిపించింది. వచ్చే వారం వెళ్లినప్పుడు గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుని, దూడ ముక్కు ఎత్తులో పీల్చి చూడాలి.